కెజియా గోల్ తగ్గించుకుంటూ పోయాను

కరోనా సెలవులు ముగిసి బడులు మళ్ళీ పూర్తిగా నడవడం మొదలైన ఏడాది అది. తర్లుపాడు మండలంలోని ఒక హైస్కూల్లో నేను పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని. మార్కాపురం నుంచి రోజూ షేర్ ఆటోలో వెళ్ళొచ్చేదాన్ని. అన్నాళ్ళు ఇళ్ళలో కూర్చున్న పిల్లలు మైదానం సగం చుట్టేసరికే రొప్పుతున్నారు. వాళ్ళ మధ్య పోటీలు పెట్టడం మాని, ఎవరి గోల్ వాళ్ళే పెట్టుకునే పద్ధతి మొదలుపెట్టాను.

పద్ధతి సులువే. ముందు ఆరువందల మీటర్లు పరుగెత్తించి ఎంతసేపు పట్టిందో చూస్తాం. దాన్ని బేస్‌లైన్ అంటాం, అంటే బిడ్డ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పే కొలత. దానికంటే కొంచెం మెరుగైన గోల్ ఒకటి పిల్లలే చెప్పుకుంటారు. నెల తర్వాత మళ్ళీ పరుగు. అందుకోలేకపోతే గోల్‌ను సవరిస్తాం, పిల్లను తిట్టం. మండలంలోని మిగతా పీఈటీలకు కూడా దీని గురించి గొప్పగా చెప్పుకునేదాన్ని.

బేస్‌లైన్ పరుగు పొద్దున పూట పెట్టాను. తొమ్మిదో తరగతి కెజియా ఆడపిల్లలందరికంటే ముందు వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. వాళ్ళమ్మ మార్తమ్మ మిరపకోతలకు పోయేది, కోతలు లేనప్పుడు పలకల ఫ్యాక్టరీలో పని.

"వచ్చే నెలకు ఇంకా తొందరగా వస్తా టీచర్, చూడండి," అంది కెజియా.

తర్వాత టైంటేబుల్ మారి మా ఆటల పీరియడ్ సాయంత్రానికి పోయింది. ఆ నెల కెజియా వెనకబడింది. గోల్ కొంచెం తగ్గించాను. మరుసటి నెల ఇంకా వెనకబడింది. ఇంకా తగ్గించాను. చివరికి సగం నడక, సగం పరుగు అని పెట్టాను. వెనక ఎవరో "కెజియా గోల్ ఇంక నిద్రపోవడమే" అన్నారు. అందరూ నవ్వారు. ఆ పిల్ల తల వంచుకుని చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. శ్రద్ధ తగ్గిందనుకున్నాను నేను. ఈ వయసులో ఆడపిల్లలు ఇంతే అనుకున్నాను.

ఒక సాయంత్రం పరుగు మధ్యలో కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నీళ్ళు తాగినావా?"

"తాగినా టీచర్."

మర్నాడు మార్తమ్మను పిలిపించి, ముగ్గురం ఆసుపత్రికి పోయాం. రక్తం తక్కువేమో అని నా అనుమానం. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మూత్రంలో ఇన్ఫెక్షన్ అంది. పగలంతా నీళ్ళు తాగకుండా, ఒంటికి పోకుండా బిగబట్టుకుంటే ఇట్లాగే అవుతుందని చెప్పి మందులు రాసింది.

బయట వేపచెట్టు కింద నిలబడి మార్తమ్మ అడిగింది. "నీళ్ళు ఎందుకు తాగవే?"

"తాగితే పోవాల గదమ్మా."

"పోతే ఏమైతాది?"

"బాత్రూం తలుపుకు గడియ ఇరిగిపోయింది. ఒకసారి నేను లోపలుంటే మగపిల్లోళ్ళు తలుపు నెట్టినారు." అంటూనే ఏడ్చేసింది. "ఎవురికీ చెప్పొద్దు టీచర్."

మార్తమ్మ కూతురి మొహం కొంగుతో తుడిచింది. తర్వాత నా వైపు తిరిగి, కోపం లేకుండా, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. "మరి మీరు యాడికి పోతారు టీచరమ్మా?"

"స్టాఫ్‌కు వేరే ఉందక్కా. తాళం వేసి ఉంటుంది."

"అట్లనా," అంది. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆ బ్యాగు భుజాన పెట్టుకుని ఆమె ముందు నిలబడలేకపోయాను.

తలుపు నెట్టిన మగపిల్లల సంగతి, కెజియా పేరు బయట పెట్టకుండా, హెడ్మాస్టరుకు చెప్పాను. ఆయన వాళ్ళ తండ్రులను పిలిపించి మందలించారు. గడియ సంగతి పైకి రాస్తానన్నారు. ఈలోపు కెజియాను స్టాఫ్ బాత్రూంకు తీసుకుపోయాను. గడప దగ్గరే ఆగిపోయింది.

"వద్దు టీచర్, మేడంలు తిడతారు."

అప్పుడే వచ్చిన సహోద్యోగి ఒకామె, "ఈ రోజు ఈ పిల్ల, రేపు బడంతా వస్తుంది. మనం యాడికి పోవాల?" అంది. కెజియా పరుగున వెళ్ళిపోయింది. సహోద్యోగి అన్న మాటే నిన్నటిదాకా నాదీ.

ఆ మధ్యాహ్నం ఆడపిల్లల బాత్రూంలోకి పోయాను. ఆ బడిలో అన్నేళ్ళు పనిచేసి, అందులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. మైదానంలో ప్రతి రాయీ నాకు తెలుసు. ఇక్కడ కొళాయిలో నీళ్ళు రావని, లోపల వెలుతురు లేదని, తలుపు మూస్తే దానంతటదే తెరుచుకుంటుందని తెలియదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తుకుని, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఎవరైనా వస్తారేమోనని తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను.

పైనుంచి జవాబు వచ్చేదాకా ఆగలేదు. వడ్రంగిని పిలిపించి గడియ బిగించాం, కొళాయి బాగు చేయించాం. ఆ రోజు నుంచి నేనూ అక్కడికే పోయేదాన్ని.

కెజియాను పిలిచి గోల్ మళ్ళీ సవరిద్దామన్నాను. "పరుగు సంగతి తర్వాత. మధ్యాహ్నం అన్నం బెల్లుకు నీ సీసా ఖాళీ కావాల. అదే గోల్."

ఆ పిల్ల కొంచెం నవ్వింది. పక్కనున్న పిల్ల "నాకూ అదే గోల్ టీచర్" అంది. తర్వాత ఇంకొకతె. చూస్తుండగా వరసలో ఆడపిల్లలంతా అదే అడిగారు. వీళ్ళందరికీ గోల్స్ తగ్గించింది నేనే.

కెజియా ఆ ఏడాది తన మొదటి గోల్ అందుకోలేదు. మందులు వాడి, నెమ్మదిగా బేస్‌లైన్‌కు తిరిగొచ్చింది. పదో తరగతిలో దాన్ని దాటింది.

ఇప్పుడు నేను యర్రగొండపాలెం వైపు ఒక బడిలో ఉన్నాను. బదిలీ మీద వచ్చిన రోజు మైదానం కంటే ముందు ఆడపిల్లల బాత్రూం చూశాను. కెజియా నాకు నేర్పింది అదే. కానీ నేర్చుకున్నది అంతకుముందు నా దగ్గర చదివిన పిల్లలకు పనికి రాదు కదా.

ఈ మధ్య మార్కాపురం బస్టాండులో కెజియాకంటే ముందు తర్లుపాడు వైపు బడిలో చదివిన పాత విద్యార్థిని ఒకమ్మాయి చంకలో బిడ్డతో పలకరించింది. "నేను పరుగెత్తనని మీరు ఎప్పుడూ సోమరిదానా అనేవాళ్ళు గదా టీచర్," అని నవ్వింది.

"అప్పుడు బడిలో నీళ్ళు తాగేదానివా అమ్మా?" అని అడిగాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "బడిలోనా టీచర్? ఎవురం తాగినాము!" అంది.