గుసగుస లేని జాడీ

మా తోట మేస్త్రి పోయాడన్న కబురు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. తెలియని నంబరు. ఆడమనిషి గొంతు. "నేను ఆయన కూతుర్ని. నాయన నిన్న పొద్దున పోయినాడు" అని, అంతే. నేను నమ్మలేదు. గల్ఫ్‌లో ఇన్నేళ్ళున్నవాడు తెలియని నంబరు చెప్పే చావు కబురును అంత తొందరగా నమ్మడు. ముందు ఏడుపు, వెనకాల డబ్బు అడగడం, ఇట్లాంటివి మా క్యాంపులో ఇద్దరికి జరిగాయి. అందుకని "నిజమైతే వీడియో కాల్ చెయ్యమ్మా, ఇంటి ముందర తీగ చూపెట్టు" అని రాశాను. ఆయన ఇంటి ముందు పందిరి మీద ద్రాక్ష తీగ ఉందని, దాని మొదట్లో పగిలిన రుబ్బురోలు ఉందని ఆయన చెప్పగా విన్నాను.

కాల్ వెంటనే వచ్చింది. ముందు పందిరి కనిపించింది. తర్వాత తీగ, రోలు. ఆఖరున ఏడ్చి ఉబ్బిన ముఖం.

"చూసినారా అన్నా?" అంది. "నాయన ముందే చెప్పి పెట్టినాడు. ఖతార్‌లో ఒకాయన ఉండాడు, నేను చచ్చినానంటే రుజువు అడుగుతాడు, కోపం చేసుకోవద్దు, చూపించు అని."

ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఎన్నో ఏళ్ళుగా ఉండిపోయింది. ఇక చెప్పడానికి మనిషి లేడు. ఆయనకు అది తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు. ఆ కాల్‌లో కూతుర్ని అడగబోయి మానుకున్నాను.

మా తోట అల్ షహానియాలో, ఒంటెల పందేలు జరిగేచోటు దాటి ఇంకా లోపలికి ఉంటుంది. నాది నీళ్ళ మోటార్ల పని. ఊరు జగిత్యాల దిక్కు. మేస్త్రిది అనంతపురం జిల్లా దాటి కర్ణాటకలోకి అడుగు పెట్టగానే వచ్చే ఊరు. అక్కడ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నల్ల ద్రాక్ష పండిస్తారు. తినడానికీ అమ్ముతారు గాని ఎక్కువ భాగం వైన్ చేసేవాళ్ళు కొనుక్కుపోతారు. ఈయన తండ్రి, తాత అంతా ఆ తీగల కిందే బతికారు.

మా అర్బాబ్‌కు, అంటే తోట యజమానికి, ఎవరో ద్రాక్ష మొక్కలు తెచ్చి ఇచ్చారు. చల్లటి గాలి తోలే ప్లాస్టిక్ షెడ్డులో నాటించాడు. అవి ఆకులు తప్ప ఏమీ వేయలేదు. వాటి కోసం మేస్త్రిని తెప్పించారు. ఆయన వచ్చిన రోజు ఒక ఆకు తెంపి, వెనక్కి తిప్పి, వేలితో రుద్ది చూశాడు.

"ఇది మా ఊరి తీగ మాదిరి ఉండాది" అన్నాడు.

"మాదిరేంది, అదేనా కాదా?" అన్నాను.

"కాయ కాసి, ఆ కాయ నోట్లో ఏసుకుంటే తోలు జారిపోవల్ల. అప్పుడు చెప్తా. ఆకును నమ్మి ఎట్ల చెప్పేదప్పా?"

రెండేళ్ళు ఆయన ఆ తీగకు పేరు పెట్టలేదు.

ఆయన దేన్నీ నమ్మేవాడు కాదు. షెడ్డులో రెండు థర్మామీటర్లు వేలాడదీసి, రెంటినీ చూసి, ఆఖరికి అరచేయి ఆకు కింద పెట్టేవాడు. ఎరువు బస్తా మీద అచ్చువేసిన మాటను నమ్మక చిటికెడు నీళ్ళలో కలిపి చూసేవాడు. గుత్తి పండిందని ఎవరైనా అంటే గుత్తి పైన ఉన్న పండు తినేవాడు కాదు, కింద కొసకున్న పండు తెంపేవాడు. "పైవి ముందే పండతాయి, అవి తియ్యగా మాట్లాడతాయి. కొస పండు అబద్ధం చెప్పదు" అనేవాడు. నా పనిని ఎవరైనా మెచ్చుకుంటే పక్కనుంచి, "దాంట్లో సగం తీసేయప్పా" అనేవాడు. నాకు కోపం వచ్చేది. ఇప్పుడు నేనూ తీసేస్తున్నాను.

మూడో ఏడు కాయ కాసింది. ఎండలు ముదిరేసరికి నల్లబడింది. మేస్త్రి కొస పండు నోట్లో వేసుకుని తోలు అరచేతిలోకి ఉమ్మాడు. దాన్ని చాలాసేపు చూశాడు. "అదే" అన్నాడు.

ఆ వారమే అసలు గొడవ మొదలైంది. దుకాణానికి పంపగా మిగిలిన గుత్తుల్ని ఆయన నా దగ్గర తాళం అడిగి తీసుకుని పంపు రూములోకి మోసుకుపోయాడు. మధ్యాహ్నం ఎండకు బయట పని ఆపేసే గంటల్లో అక్కడ ఏదో కాచేవాడు. తర్వాత నాలుగు జాడీలు వరసగా కనిపించాయి. చుట్టూ తడిపిన గోనెసంచులు, మూతికి గుడ్డ. గదినిండా తియ్యటి వాసన.

మా డ్రైవర్ నిజామాబాద్ మనిషి. అయిదు పూటలా నమాజు చేసేవాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"పంపు రూంల ఏం వెట్టిండో చూసినవా?"

"ద్రాక్ష రసమట భాయ్."

"రసం ఎన్ని దినాలు రసమై ఉంటది? వైన్ చేసే ఊరికెల్లి వచ్చిండు ఆయన. మా దాంట్ల అది హరామ్. నీ దాంట్ల కాకపోవచ్చు. గని పోలీసోళ్ళకు నీ దాంట్ల నా దాంట్ల అని ఉండదు. యల్లా, నడువుండ్రి అని అందర్ని ఒకటే వ్యాన్ ఎక్కిస్తరు."

"నువ్వే అడుగరాదు?"

"నేనెందుకు అడుగుత? పంపు రూం తాళం నీ దగ్గర్నే ఉంటది. ముందుగాల నిన్నే అడుగుతరు."

నిజమే, తాళం నాది. ఇక్కడ దొంగచాటుగా సారా చేసి పట్టుబడితే జైలు, తర్వాత ఇంటికి పంపడం. మళ్ళీ ఈ దేశం రానివ్వరు. ఆ నెలలోనే నా వీసా రెన్యూవల్ ఉంది.

మరుసటి రోజు మోటారు వేయడానికి పోతే మేస్త్రి నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక జాడీకి చెవి ఆనించి ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒకటి విని రెండోదానికి జరిగాడు.

"ఏం వింటున్నవ్ మేస్త్రీ?"

"ఏముందప్పా. ఏమన్నా మాట్లాడతాదేమో అని."

నాకు అర్థమయిందనుకున్నాను. రసం పులిస్తే బుడగలు వస్తాయి, చప్పుడు చేస్తుంది. కల్లు కుండ దగ్గర పెరిగినవాణ్ని, నాకా మాత్రం తెలుసు. రెండు రోజులు ఆగాను. మూడో రోజు ముదీర్ గదికి పోయాను. ముదీర్ అంటే మా మేనేజరు, సిరియా మనిషి. పంపు రూములో జాడీలున్నాయని, అవేమిటో నాకు తెలియదని, ఒకసారి చూడమని హిందీలో చెప్పాను. నా పేరు రానివ్వద్దని కూడా అడిగాను. ఆ చివరి మాటే నన్ను ఇన్నేళ్ళూ తిన్నది.

ముదీర్ మధ్యాహ్నం వచ్చాడు. వెనక డ్రైవర్, నేను. మేస్త్రి పొయ్యి తుడుస్తున్నాడు.

"యే క్యా హై?"

మేస్త్రి ఒక జాడీ గుడ్డ విప్పాడు. లోపల తారులాగా నల్లగా, చిక్కగా ఉంది. ముదీర్ వేలు ముంచి నాకాడు. అట్లాగే నిలబడ్డాడు.

"దిబ్స్" అన్నాడు. పాకం అని అర్థం. కొంచెం ఆగి, ఇంకొంచెం చిన్న గొంతుతో మళ్ళీ "దిబ్స్" అన్నాడు. తన ఊళ్ళో కూడా ద్రాక్ష రసాన్ని ఇట్లాగే కాచి పాకం చేస్తారని, తల్లి చేసింది తిన్నాక మళ్ళీ ఇదే తినడమని చెప్పాడు. పోతూ ఒక సీసాడు అడిగి పట్టుకుపోయాడు.

డ్రైవర్ కదల్లేదు. "పైకి ఒకటి చూపెట్టినవ్. మిగతా మూడు?"

మేస్త్రి మూడూ విప్పాడు. డ్రైవర్ ఒక్కొక్కటే వాసన చూశాడు. మేస్త్రికి కోపం రాలేదు. "బాగా చూడు భాయ్" అన్నాడు. "రసాన్ని నమ్మరాదు. ఒక పూట వదిలితే మన మాట వినదు. అందుకే కోసిన పూటే, నాలుగో వంతుకు దిగేదాకా కాచేస్తా. కాచినా నాకు నమ్మకం లేదు. అందుకే దినామూ చెవి పెడతా. గుసగుసలాడిందంటే పారబోసేయాల్సిందే."

"ఊర్ల గూడ గిట్లనే వింటరా?" అని అడిగాను.

"ఊర్లో గుసగుస మొదలయిందా అని వింటాము. ఇక్కడ మొదలు కాలేదని వింటాము. చెవి మాత్రం అదే."

ఆ శుక్రవారం ఆయన మాకు పండగ చేశాడు. వాళ్ళ ఊరిపక్క ఏటా నల్ల ద్రాక్షకు పండగ జరుగుతుందట. రోడ్డు వార చేనులో షామియానాలు వేస్తారు. ప్రతి తోట నుంచి గుత్తులు తెచ్చి అరిటాకుల మీద పెడతారు. పేర్లు ఉండవు, నంబర్లే. ఆడపిల్లలు తొట్టిలో ద్రాక్ష తొక్కుతారు. ఆయన తండ్రి ఏడాది మొత్తంలో ఆ ఒక్క రోజు, అందరి ఎదుట, చిన్న గ్లాసుడు తాగేవాడట. మేస్త్రి ఖతార్ వచ్చాక ఆ పండగ ఒక్కసారి కూడా చూడలేదు.

మా క్యాంపు పండగలో షామియానా లేదు. అరిటాకులకు బదులు స్టీలు ప్లేట్లు. తీగల వరసకో గుత్తి, గుత్తికో నంబరు. డ్రైవర్ జుమా నమాజు చేసి వచ్చేదాకా ఆగాము. అందరూ చుట్టూ చేరాక మేస్త్రి మొదటి గుత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

"నాకెందుకు? నువ్వు పండించినవ్, నువ్వు తిను" అన్నాను.

"మా పండగలో ఎవని తోట పండు వాడు ముందు తినకూడదు. కన్నతల్లి బిడ్డను చూసినట్టు చూస్తాడు, తప్పు కనపడదు. మన మీద అనుమానం ఉన్నోనికి ఇయ్యల్ల. వాడు తిని, ఏం వంక దొరక్క నోరు మూసుకుంటే అదీ పండు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. నా ముఖం చూస్తాడని తల దించి కొస పండు తెంపుకున్నాను. తోలు నాలుక మీద జారింది. ముదీర్‌కు చెప్పింది నేనేనని ఈయనకు తెలుసా, లేక ఊరికే నాకిచ్చాడా? తెలిస్తే ఇది మర్యాదా, దెబ్బా? ముదీర్ చెప్పాడేమోనని కొన్నాళ్ళు ముదీర్‌ను అనుమానించాను. డ్రైవర్ చెప్పాడేమోనని డ్రైవర్‌ను అనుమానించాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి గుత్తి నాకే. ప్రతి ఏడూ ఈసారి చెప్పేద్దాం అనుకునేవాణ్ని. ప్రతి ఏడూ తిని ఊరుకునేవాణ్ని. డ్రైవర్ పండు తినేవాడు గాని పాకం మాత్రం ఒక్కనాడూ ముట్టలేదు. "అల్లాకు తెలుసు, నాకు తెల్వదు" అనేవాడు.

రెండేళ్ళ కింద మేస్త్రి ఒంట్లో బాగుండక వీసా రద్దు చేసుకుని వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టుకు పోయేటప్పుడు డ్రైవర్ పక్కన ఆయన, వెనక సీట్లో నేను. దోహా దగ్గర పడేసరికి ధైర్యం చేశాను.

"మేస్త్రీ, నీకొక మాట చెప్పాలె. ఆ జాడీల సంగతి..."

"జాడీలు నీకే ఇచ్చినా కదప్పా" అన్నాడు వెనక్కి తిరగకుండానే. "కోతకు పది దినాల ముందు నీళ్ళు తగ్గించు. తీగకు దప్పిక అయితేనే పండు తియ్యనయ్యేది. నీకు జాలెక్కువ, ఎక్కువ పోస్తావు."

డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూశాడు.

కూతురు కాల్ చేసిన పది రోజులకు, కర్మ అయిపోయాక, నేనే ఫోన్ చేశాను. ఎట్లా పోయాడో అడిగాను. పందిరి కింద కుర్చీలో కూర్చుని పోయాడని చెప్పింది. ఆ తర్వాత నా తప్పు మొత్తం ఆ అమ్మాయికి చెప్పాను. పేరు రానివ్వద్దన్న మాటతో సహా.

"అది నాయనకు తెలుసన్నా" అంది. "ఆ దినమే తెలుసంట. అందరూ వెనకాల అనుకున్నారు, ఆయనొక్కడు పోయి ముదీర్‌కు చెప్పినాడు అనేవాడు. మొదటి గుత్తి అందుకే ఆయనకిచ్చినా అని మాతో చెప్పుకునేవాడు."

"కోపం లేకుండెనా?"

"ఉండింది. ఆ ఏడు ఉండింది. తర్వాత పండు తిని మీరేం వంక చెప్తారా అని కాచుకోని ఉండేవాడంట. మీరు ఎప్పుడూ ఏం చెప్పలేదంట కదా. అదొక్కటి ఆయనకు నచ్చలేదు."

ఫోన్ పెట్టాక చాలాసేపు మోటారు దగ్గరే కూర్చున్నాను. నిజానికి ఒక ఏడు పండు పులుపుగా ఉండింది. నీళ్ళు ఎక్కువయ్యాయి. నేను చెప్పలేదు.

ఈ ఏడు పది రోజుల ముందు నీళ్ళు తగ్గించాను. పోయిన శుక్రవారం కోత. స్టీలు ప్లేట్లు పరిచి, జుమా అయ్యేదాకా ఆగి, మొదటి గుత్తి డ్రైవర్ చేతిలో పెట్టాను.

"నాకెందుకు?" అన్నాడు.

"నా మీద అనుమానమున్నోడివి ఇక్కడ నువ్వొక్కనివే భాయ్."

కాదనలేదు. కొస పండు తెంపి తిన్నాడు. నమిలి, ఆలోచించి, "జర పుల్లగున్నది" అన్నాడు.

"సగం తీసెయ్" అనబోయి ఆగాను. నిజంగానే కొంచెం పుల్లగా ఉంది.

మిగిలిన గుత్తుల రసం ఆ పూటే కాచాను. నాలుగో వంతుకు దిగేదాకా పొయ్యి దగ్గరే ఉన్నాను. పాకాన్ని మేస్త్రి జాడీలోకి పోసి గుడ్డ కట్టాను. మరుసటి పొద్దున మోటారు వేయకముందే, ఆ చప్పుడు మొదలు కాకముందే, మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాను. జాడీ చల్లగా ఉంది. వెనక తలుపు దగ్గర నీడ పడింది. డ్రైవర్.

"ఏమన్న వినవడ్తున్నదా?"

"ఏం లేదు భాయ్."

ఆయన నమ్మలేదు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. టోపీ తీసి జేబులో పెట్టుకుని, నన్ను జరగమని చేయి ఊపి, నా చోట కూర్చుని జాడీకి చెవి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. మోటారు వేసే టైము దాటిపోయింది. నేను స్విచ్చు మీద చెయ్యి పెట్టి నిలబడే ఉన్నాను. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు.