దారాలు తెంపిన తనిఖీ

ఆస్పత్రి భద్రంగా ఉందో లేదో చూసి రమ్మంటే, భద్రంగా ఉన్నదాన్ని ప్రమాదంలోకి నెట్టి వచ్చిన ఘనుణ్ని నేను. ఆ ప్రమాదానికి మొదటి రోగిని కూడా నేనే.

పందొమ్మిది వందల ఇరవైల మాట. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా కొత్తగా చేరాను. అన్నీ తెలిసినవాడూ, ఏమీ తెలియనివాడూ లోకంలో ఉండరంటారు. ఆ రెండూ నేనేనని అప్పటికి తెలియదు. దోమతెర పిరికివాళ్ళకని ఇంట్లోనే వదిలేసి, పక్షం రోజులు ఏజెన్సీలో గుర్రమ్మీద తిరిగి, అరకు దగ్గరి చిన్న ఆస్పత్రికి చేరాను.

డాక్టరుగారు కొండ మీది ఊళ్ళో పురుడు పొయ్యడానికి వెళ్ళారు. మందులిచ్చే ముసలి సింహాద్రి ఒక్కడే ఉన్నాడు. అలమర తెరిచి చూస్తే సీసాలన్నిటి మెడలకీ రంగురంగుల దారాలు. ఒక్కదానికీ పేరు చీటీ లేదు.

"ఆస్పత్రిలో తాయెత్తులా?" అన్నాను.

"ఆ దారాలు డాక్టరు బాబే..."

"డాక్టరే చేతబడి చేస్తున్నాడా? సరే, రాసుకుంటాను."

ఆస్పత్రి కత్తెరతోనే దారాలన్నీ కత్తిరించి పొయ్యిలో వేశాను. మూఢనమ్మకం మీద గెలిచినంత సంబరం నాకు.

మధ్యాహ్నానికి చలిజ్వరం పట్టుకుంది. మంచం నాతోపాటు వణికింది.

"క్వినైను ఇవ్వు, బేగి."

"ఏ సీసా అని ఇయ్యను బాబూ? నాకు సదువు రాదు. సెమ్మకి సీటీలు ఊడిపోతన్నాయని డాక్టరు బాబు దారాలు కట్టినారు. ఎర్రది జొరానికి, నల్లది దగ్గుకి, పచ్చది ఇరేసనం అవడానికి."

"ముందే చెప్పకపోయావా?"

"మీరు సెప్పనిచ్చినారా?"

నిజం చెప్పొద్దూ, చచ్చిపోతానని భయం వేసింది. అయినా చదువుకున్నవాణ్ని కదా, క్వినైను చేదని తెలుసు. ఒక సీసా నాలిక్కి రాసుకున్నాను. పరమ చేదు.

"జొరం నోటికి బెల్లం కూడా సేదే బాబూ. నన్ను రుసి సూడనీండి," అన్నాడు సింహాద్రి.

మందు గురించి నాకే చెబుతాడా? మోతాదుకి రెండింతలు పట్టించాను.

ఆ తర్వాత జరిగింది మర్యాదస్తులు చదివే చోట రాయలేను. ఆస్పత్రికీ వెనకనున్న చాటుకీ మధ్య కొత్త కాలిబాట పడిందని మాత్రం చెబుతాను.

పొద్దు వాలేవేళకి డాక్టరుగారు వచ్చారు. నా తనిఖీ కాగితం చదివారు. సీసాలు రుచి చూసి, అసలు క్వినైను తాగించి, నెమ్మదిగా అడిగారు.

"మందుల నాణ్యత అన్నచోట ఖాళీ ఉంచారేం?"

"ఏం రాయమంటారు?"

"విరేచనాల మందు బాగా పనిచేస్తోందని రాయండి. స్వయంగా పరీక్షించారు కదా."

రాశాను. కింద సంతకం చేస్తూ సింహాద్రి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట సీసా మెడకి ఎద్దు పలుపు కట్టి ఉన్నా సరే, కట్టినవాణ్ని అడక్కుండా కత్తెర పట్టను. పట్టినా, జ్వరం వచ్చిన రోజు అసలు పట్టను.