బొగ్గు ముఖాలంటే పడని షేరు

నిన్న కరీంనగర్‌లో మా వీధి చివర కొత్తగా దిగినవాళ్ల ఇంటి ముందు నుంచి వస్తుంటే, గేటు లోపల ఒక కుక్క గొలుసు తెంపుకునేంత పని చేసింది. నేను ఉలిక్కిపడి వెనక్కి జరిగితే, పేపరు చదువుతున్న ఇంటాయన "భయపడకుండ్రి మేడం, మావోడు కొత్తోళ్లను అస్సలు రానియ్యడు" అని, కొడుక్కి ర్యాంకు వచ్చినంత సంబరంగా నవ్వాడు. కోపం రావలసింది, రాలేదు. ఆ నవ్వు అచ్చం మా మామది. మామంటే మా మేనత్త భర్త.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన ఆ రోజుల్లో మామ ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా ఊళ్లో పెద్దబడి లేదని బాపు నన్ను వాళ్లింట్లో ఉంచాడు. కంపెనీ క్వార్టర్లు ఎంత దగ్గరంటే ఒక ఇంట్లో పోపు వేస్తే నాలుగిళ్లవాళ్లు తుమ్మేవాళ్లు. దొంగలు పడితే అత్త ఇత్తడి గుండిగ తప్ప దొరికేదేమీ లేదు. అయినా మామ ఇచ్చోడ వైపు నుంచి వచ్చే లారీలో ఒక కుక్కపిల్లను తెప్పించి, షేరు అని పేరు పెట్టి కన్నబిడ్డలా పెంచాడు. కట్టేసి ఉంచితేనే కుక్కకు పౌరుషం వస్తుందని ఆయన నమ్మకం. అందుకని పొద్దంతా ముందు వాకిట్లో గొలుసే దాని బతుకు.

బాయి నుంచి పైకొచ్చిన మనుషులకు కళ్లూ పళ్లూ తప్ప ఏమీ తెల్లగా ఉండేవి కావు. మామకు శుభ్రం ఎక్కువ. ఆ మసి ముందు వాకిట్లో రాలకూడదని దొడ్డిదారిన వచ్చి, అత్త కాగబెట్టిన నీళ్లతో ఒళ్లు తోముకుని, తెల్ల బనీను తొడుక్కున్నాకే షేరు దగ్గరికి వెళ్లేవాడు. షిఫ్టు విడిచిన కూత వినపడి, వీధి నిండా నల్లటి మనుషులు నడిచి వస్తుంటే షేరు గొంతు చించుకునేది. మామ స్నానం చేస్తూనే దొడ్లోంచి "శభాష్ బేటా!" అని కేకేసేవాడు, తర్వాత వచ్చి నమలడానికి ఒక బొక్క వేసేవాడు.

ఎదురు క్వార్టరులో ఉండే ముస్లిం పెద్దాయనను చాచా అనేవాళ్లం. ఆయనదీ మామదీ ఒకే షిఫ్టు. ఒకరోజు మామ బాయి మీద మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇచ్చిపోదామని, పాపం, చాచా ఆ బొగ్గు ముఖంతోనే మా వాకిట్లోకి వచ్చాడు. గొలుసు కొక్కెం ఎప్పుడు అరిగిందో ఎవరూ చూసుకోలేదు. అత్త చీపురుకట్టతో ఉరికొచ్చేలోపే షేరు ఆయన పిక్క పట్టేసింది. చాచాకు బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు. ఆయన భార్య, మేము ఖాలా అని పిలిచే ఆ తల్లి, మాతో మాట మానేసింది. కాలనీ జమేదారు వచ్చి "ఇంకొక్కలను ముట్టిందంటే కాల్పిస్త" అని చెప్పి పోయాడు. మామ అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు.

అత్త ఓదార్చే రకం కాదు. "నల్లమొకపోడంటే దొంగ అని దానికి నేర్పిందెవలు? నువ్వే గదా! ఒక్కనాడన్న బొగ్గు మొకంతోని దాని ముంగటికి పోయినవా? పైంగ మొరిగినప్పుడల్లా శభాష్ అంటివి" అంది. ఆ మర్నాటి నుంచి మామకు దొడ్డిదారి బంద్. ముందు నుంచే, కడుక్కోకుండా రావాలి. గొంతు వింటే షేరు తోక ఊపేది, ముఖం చూసి మళ్లీ మొరిగేది. "అరే, నేనురా!" అని మామ తన ఇంటి ముందే బతిమాలుకుంటుంటే వీధంతా నవ్వింది. గొలుసు పోయి తాడు వచ్చింది. పొద్దున్నే అత్త దాన్ని వీధుల్లో తిప్పేది. సాయంత్రం కూత పడగానే తాడు పొట్టిగా పట్టుకుని వాకిట్లో నిలబడేది. షేరు మొరిగితే అత్త ఉలకదు, పలకదు. నోరు మూస్తే ఒక జొన్నరొట్టె ముక్క. మొదట దూరంగా నిలబడేది, రోజులు గడిచేకొద్దీ దారికి దగ్గరగా. "కుక్కతోక వంకర పోతదా?" అని పక్కింటామె అంటే, "తోకతోని నాకేం పని అక్కా? నా లొల్లంత నోటితోనే" అంది అత్త.

షేరు అందరికీ అలవాటు పడింది గానీ, చాచా మాత్రం మా వాకిలి తప్పించుకుని, కుంటుకుంటూ చుట్టు తిరిగి ఇల్లు చేరేవాడు. అది చూసినప్పుడల్లా అత్త ముఖం చిన్నబోయేది. మామ వెళ్లి "తప్పు కుక్కది గాదు భాయ్, కసూర్ నాది" అని చేతులు పట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం చాచా తనంతట తానే మా దారిన వచ్చి, వాకిలి ముందు ఆగాడు. కాటు పడిన కాలు వెనక్కి పెట్టుకున్నాడు. "పరేషాన్ గాకు అన్నా. దాని కండ్లలకు సూడకు, గట్లనే నిలవడి ఉండు" అంది అత్త. షేరు గుర్రుమంది. అత్త కదల్లేదు. గుర్రు ఆగింది. రొట్టె ముక్క అందింది. అది మెల్లగా వెళ్లి ఆ పిక్కనే వాసన చూసి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. చాచా గట్టిగా ఊపిరి వదిలి, "ఇగ రేపటి సంది గీ తొవ్వనే వస్త చెల్లె" అన్నాడు. అత్త అప్పుడు ఏడ్చింది, వాకిట్లోనే, అందరి ముందూ.

కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని అంటారు. అత్త రోజూ ఆ తాడు పట్టుకుని నిలబడకపోయి ఉంటే, కాలం ఒట్టిగానే గడిచిపోయేది.