కిష్టారం దారిలో పందుల దగ్గు

వారం రోజుల ముసురు ఆ ఉదయమే తెరిపిచ్చింది. భద్రాచలం లాడ్జిలో నిద్ర లేచి నేను చేసిన మొదటి పని పెట్టెలో ఐసు గడ్డలు సర్దడం, నమూనాలు తీసే దూది పుల్లలు సరిచూసుకోవడం. పందుల ఊపిరితిత్తులకు పట్టే బాక్టీరియా జబ్బుకు టీకా తయారుచేసే ప్రయోగశాలలో నేను టెక్నీషియన్ని. ఈ సూక్ష్మజీవిలో చాలా రకాలున్నాయి. ఒక రకంతో చేసిన టీకా మరో రకాన్ని ఆపకపోవచ్చు. మా టీకా వేసినా రాష్ట్ర సరిహద్దు ఊళ్లలో పందులు దగ్గి చనిపోతున్నాయని కబురొచ్చింది. ఇక్కడి రకం ఏదో తేలాలంటే ఇంకా మందు పడని పంది నుంచి నమూనా తీసి, చల్లదనం పోకుండా మర్నాటికల్లా ప్రయోగశాలకు చేర్చాలి. అందుకే నేనూ, మా పశువైద్యురాలు పద్మజ గారూ బయల్దేరాం.

జీపు అద్దె రోజుకు నాలుగు వేలు, డీజిల్ మనదే. ఆరింటికి కదిలి లక్ష్మీనగరం దగ్గర ఇడ్లీ తిన్నాం. మరాయిగూడెం దాటాక హోటళ్లు ఉండవు, ఫోను కూడా పనిచేయదు. రోడ్డు కొత్తదే గానీ కల్వర్టుల దగ్గర మట్టి కొట్టుకుపోయింది. అలాంటి ప్రతిచోటా డ్రైవర్ రాములు జీపు ఆపి, దిగి, మందుపాతర పెట్టడానికి తవ్విన మట్టా, వానకు జారిన మట్టా అని చూసి వచ్చేవాడు.

"పోలీసోళ్ల క్యాంపు కాడ అద్దం దించి కూసోండ్రి సారూ. పెట్టె మీద చెయ్యి ఎయ్యకుండ్రి" అన్నాడు. "దాంట్ల ఏముందోనని వాళ్లకు భయం. వాళ్లు భయపడితే మనకు భయం."

"నీకు భయం లేదా రాములూ?" అన్నారు పద్మజ గారు.

"నాకెందుకమ్మా, జీపు మా బామ్మర్దిది" అన్నాడు. నవ్వబోయాం, నవ్వు రాలేదు.

పది దాటాక కిష్టారానికి ఇవతలి ఊరు చేరాం. మగవాళ్లు సగంమంది కిరండోల్ ఇనుప గనుల్లో కాంట్రాక్టు పనికి పోయారు. ఊరి బయటే జీపు ఆపి, జబ్బు ఒక దొడ్డి నుంచి ఇంకో దొడ్డికి మోయకూడదన్న నియమం ప్రకారం తెల్లటి రక్షణ దుస్తులు తొడుక్కున్నాం. మొదటి ఇల్లు చేరకముందే ఒకామె అక్కడి దోర్లీ భాషలో కేక పెట్టింది. వెంటనే దొడ్ల తడికలు తెరుచుకున్నాయి. పందులు అరుచుకుంటూ అడవిలోకి పరుగెత్తాయి. ఏం జరుగుతోందో మాకు అర్థమయ్యేసరికి ఊరు ఊరంతా నిశ్శబ్దమైపోయింది.

దగ్గు మాత్రం వినిపించింది. చివరి ఇంటి వెనక ఒక ఆడపంది ముందు కాళ్లు ఎడంగా పెట్టి కుక్కలా కూర్చుని, నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. చెవులు నీలిరంగుకు తిరిగాయి. పక్కన దాని యజమాని ముత్తమ్మ కొడవలి పట్టుకుని నిలబడి ఉంది. లేవలేని పందిని ఆమె వదలలేకపోయింది. ఆమె మరిది జోగా మూడు పంది పిల్లల్ని గంపలో పెట్టి మోటార్ సైకిల్‌కు కడుతున్నాడు.

"గొయ్యి యాడ తవ్వుతరు?" అంది ముత్తమ్మ.

పద్మజ గారికి అర్థం కాలేదు. రాములు అడిగి తెలుసుకున్నాడు. ఏటి అవతల ఆమె పుట్టిన ఊరికి నిరుడు పంది జ్వరం వచ్చినప్పుడు తెల్ల బట్టలవాళ్లు వచ్చి మిషనుతో గొయ్యి తవ్వారట. బాగున్నవాటిని కూడా పూడ్చారట. జబ్బన్న మాట వినగానే పందుల్ని వేరే ఊళ్లోని చుట్టాలకు సగంపాలుకు పెంపకం ఇచ్చేయడం అప్పటినుంచి వీళ్లకు అలవాటైంది. మేము వెతుక్కుంటూ వచ్చిన దగ్గు ఆ గంపల్లోనే ఊరూరా తిరుగుతోంది.

"అది వేరే జబ్బు. ఇది ఊపిరితిత్తులది అనుకుంటున్నాం. ఆ పిల్లల్ని పంపకమ్మా, అక్కడివాటికీ అంటుతుంది" అన్నారు పద్మజ గారు.

"అయితే గొయ్యి తవ్వరని చెప్పు. ఆపుతా" అంది ముత్తమ్మ.

పద్మజ గారు పంది చెవుల వైపు చూశారు. ఆ నీలిరంగు రెండు జబ్బుల్లోనూ రావచ్చు. తవ్వరు అని ఒక్క మాట అంటే జోగా తాడు విప్పేవాడు.

"పరీక్ష చెయ్యకుండా చెప్పలేనమ్మా" అన్నారు.

"సదువుకున్నదానివి, నీకే తెలవకపోతే నాకేం తెలుస్తది?" అని జోగా ముడి బిగించాడు.

ముత్తమ్మ కొడవలి చూరులో గుచ్చి, పంది తల తానే ఒడిసి పట్టుకుంది. "దీన్ని చూడు. ఇది యాడికీ పోలేదు గద" అంది. నేను దూది పుల్ల పంది ముక్కులోకి పంపాను. నెత్తుటి నురగ అంటుకుంది. నేను గబుక్కున వెనక్కి జరిగితే ఆమె చూసి, "నీకెందుకు భయం, నీ పందా?" అంది. నమూనా ఐసులో పెట్టాకే మందు సూది వేశాం. ముందు వేస్తే నమూనాలో సూక్ష్మజీవి పెరగదు.

టీకా అంటే ఏళ్ల పని. దానికి కావలసిన ఓపిక మాకుంది, జీతం వస్తుంది కనుక. ముత్తమ్మకు ఉన్నది ఒక పంది. పద్మజ గారు అబద్ధం చెప్పి ఉంటే మూడు పిల్లలు ఆగేవి, బహుశా ఇంకో ఊరు బతికేది. పరీక్షలో పంది జ్వరమని తేలితే మాత్రం ఆ అబద్ధం నమ్మిన దొడ్డి దగ్గరికే మిషను వచ్చేది. ఏది సరైనదో నాకు ఇప్పటికీ తెలియదు. పశువుల పని మీద ఇటు వచ్చేవాళ్లకు ఒక్క సలహా: ముందురోజే ఊరి పటేలుకు కబురు పెట్టండి, మామూలు బట్టల్లో వెళ్లి కూర్చోండి, రక్షణ దుస్తులు ఎందుకో చెప్పి వాళ్ల ఎదుటే తొడుక్కోండి.

జోగా, గంపలో మూడు పిల్లలతో, ఒంటిగంట దాటాక ముత్తమ్మ ఆడబిడ్డ ఊరికి వెళ్లాడు. మేము రెండింటికి బయల్దేరాం.