పెదనాయన రక్తం సగానికి దిగిన రోజు

కోలుకుంటాన్న మా పెదనాయనను ఒక్క మాటతో చావుమంచం ఎక్కించిన ఘనుణ్ని నేను. విషం పెట్టలేదు, కత్తి పట్టలేదు. నాకు ఇంగ్లీషు వచ్చు, అంతే.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో పెదనాయనకు కామెర్లొచ్చి కండ్లు పచ్చబడినాయి. పసరు తాగించి, చప్పిడి కూడు పెట్టి, ఎందుకైనా మంచిదని కర్నూల్లో డాక్టరుకు చూపించినాం. రక్తం పరీక్షలో పన్నెండు అని వచ్చింది. కొన్నాళ్లకు మళ్లా రక్తం తీసినారు. ఆ కాగితం తెచ్చేదానికి నన్ను పంపినారు. ఇంట్లో స్కూల్ ఫైనలు పాసైంది నేనొక్కన్నే కదా! డాక్టరు సాయంత్రం గాని రాడంట. అంతసేపుంటే బస్సు పోతుంది. నేనే చదివేసినాను. ఆ పరీక్ష పేరుకు నోరు తిరగలేదు గాని అంకె తెలిసింది. ఆరు.

మా సీమలో పుట్టినోనికి ఏది దిగినా గుండె జారుతుంది. బావిలో నీళ్లు దిగినా, గాదెలో జొన్నలు దిగినా మాకు తెలిసిన అర్థం ఒకటే, కరువు. రక్తానికి వేరే లెక్క ఉంటాదని నాకెవరు చెప్పినారు? మీరు నవ్వుతాండారు గాని, నా జాగాలో ఉంటే మీరూ అంతే.

ఇంటికి రాంగానే పెద్దమ్మ ఎదురొచ్చింది. "ఏమప్పా, ఏం రాసినారు?"

"పన్నెండు ఉండేది పెద్దమ్మా, ఇప్పుడు ఆరే ఉండాది."

"తక్కిన ఆరు యాడికి పోయినాయిరా?"

"రక్తం సగానికి దిగిపోయింది."

ఆమె ఉన్నచోటే కూలబడింది. లోపల మంచం మీద పెదనాయన అంతా విన్యాడు. నేను అంతటితో ఊరుకున్యానా? మా నాయన కాడికి పరిగెత్తినాను. పొలం గట్టు తగువుతో అన్నదమ్ములిద్దరికీ మాటల్లేక ఏండ్లయింది. అయినా నాయన తువ్వాలు భుజానేసుకుని వచ్చినాడు.

"ఏమన్నా, నాకొక మాట చెప్పకూడదా?"

"గట్టు నువ్వే తీసుకోరా," అన్యాడు పెదనాయన.

"గట్టు నాకెందుకు? నువ్వుంటే చాలు."

ఇద్దరూ ఏడ్చినారు. చూడలేక నేను బయటికొచ్చి నేనూ ఏడ్చినాను.

తెల్లారి అందరం బస్సెక్కి కర్నూలు పోయినాం. డాక్టరు కాగితం చూసి, మా మొగాలు చూసి, "ఎవరు పోయారు?" అని అడిగినాడు.

నేను సంగతి చెప్పినాను.

"ఇది రక్తం ఎంతుందో చెప్పే అంకె కాదయ్యా. రక్తంలో కామెర్ల పసుపు ఎంతుందో చెప్తుంది. ఎంత దిగితే అంత మంచిది. ఇంకా దిగాలి. పత్యం మాత్రం మానొద్దు."

తిరుగు బస్సెక్కినాం. పెదనాయన మా నాయన దిక్కు తిరిగినాడు.

"ఒరే, నిన్న గట్టు సంగతి ఏదో అన్యాను, అది..."

"అన్న మాట అన్నదే," అన్యాడు నాయన.

"చస్తాననుకుని అన్యాను కదరా!"

"బతికినావు కదా, ఇచ్చెయ్."

మేం దిగే కోయిలకుంట్ల వచ్చేదాకా ఇద్దరూ పోట్లాడుకుంటానే ఉన్యారు. పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తాంది. "ఊరుకో పెద్దమ్మా, నేను సర్దిచెప్తా," అన్యాను.

"నువ్వు నోరు ముయ్యి నాయనా. ఇన్నేండ్లకు మాట్లాడుకుంటాండారు."

ఆ బస్సులోనే ఒట్టేసుకున్యాను. ఇంక ఏ అంకె చూసినా, అది దేని లెక్కో అడగకుండా ఇంట్లో ఒక్క మనిషినీ చంపను.