ఆతె తమ్ముడి ఎడమ మోకాలు

డార్విన్‌లో నర్సింగ్ చదివిన రోజుల్లో నేను అద్దెకున్న ఇల్లు ఒక ఫిలిప్పీన్స్ ఆవిడది. చర్చి నోటీసు బోర్డు మీద చీటీ చూసి వెళ్లాను. మొదటిరోజు ఆంటీ అని పిలిస్తే ఆవిడ ఒప్పుకోలేదు. "నాకింకా నలభై ఆరే. ఆతె అను" అంది. వాళ్ల భాషలో అక్క అని అర్థం. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆతె తమ్ముడు మనీలాలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆటగాడు. అక్కడి లీగ్‌లో జట్లకు ఊళ్ల పేర్లుండవు, కంపెనీల పేర్లుంటాయి. అయినా ఆతె ఆ జట్టును సొంత ఊరిలాగే తలుచుకునేది. తమ్ముడికి ముప్పై రెండేళ్లు. పదిహేనో ఏట నుంచి ఆట తప్ప వేరే పని తెలియదు. ఆ సీజన్‌తో కాంట్రాక్టు అయిపోతుంది. ఇంకొక్క ఏడాది ఇస్తారా, ఇవ్వరా అన్నదే ఆ ఇంట్లో ఆ నెలల్లో అందరికీ తెలిసిన ఒకే ఒక ప్రశ్న.

ఆతె వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేసేది. మధ్యాహ్నం వెళ్తే రాత్రి పదికి వచ్చేది. ఆటలేమో మాకు సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యేవి. డ్యూటీలో ఫోన్ ముట్టుకోకూడదు. అందుకని ఒకరోజు నన్ను పిలిచి, "నువ్వు ఎక్కువ మాట్లాడవు కదా, అంటే బాగా చూస్తావు. ఇంటర్నెట్‌లో ఆట చూసి, మా వాడు ఆడాడా లేదా పొద్దున్నే నాకు చెప్పు" అంది.

నాకు బాస్కెట్‌బాల్ ఏమీ తెలియదు. మొదటి రెండు ఆటలూ బంతినే చూశాను. పొద్దున్నే వెల్లుల్లి అన్నం వేయిస్తూ ఆతె అడిగింది.

"ఆడాడా?"

"నాలుగు నిమిషాలు."

"మిగతా టైమంతా ఏం చేశాడు?"

నాకు తెలియదు. సిగ్గేసింది. మూడో ఆట నుంచి బంతిని వదిలేసి బెంచీ చూడటం మొదలుపెట్టాను. కెమెరా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగినప్పుడల్లా బెంచీ రెండు మూడు సెకన్లు కనిపించేది. ఆతె తమ్ముడు చివరి కుర్చీలో ఉండేవాడు. ఆట నుంచి బయటకు వచ్చినవాడికి అందరికంటే ముందు లేచి టవలిచ్చేవాడు. నీళ్ల సీసా మూత తీసి మరీ అందించేవాడు. అవన్నీ డైరీలో రాసుకుని పొద్దున్నే ఆతెకు చెప్పేదాన్ని. ఆతెకు అవి పాయింట్లకన్నా ఇష్టంగా ఉండేవి.

పక్క గదిలో కరీంనగర్ అమ్మాయి ఉండేది, యూనివర్సిటీలో ఐటీ చదివేది. వచ్చి నా వెనక నిలబడి నవ్వేది.

"అక్కా, బాల్ అటుంటే నువ్విటు చూస్తున్నవేంది?"

"ఈయన్ని చూడమంది ఆతె."

"గీయననా? గీయన ఆడుతడా, లేకుంటే చప్పట్లు కొట్టుడుకే జీతమిస్తున్నరా?"

నాలుగో ఆటలో నేనొకటి గమనించాను. ఆయన ఎడమ కాలు తిన్నగా చాపుకుని కూర్చున్నాడు. లేచేటప్పుడు పక్క కుర్చీ మీద చెయ్యి ఆన్చాడు. విరామంలో లోపలికి దిగే మూడు మెట్లూ పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగాడు. ఆ నెలలోనే ఆసుపత్రి శిక్షణలో అలా దిగే ఇద్దరు పేషెంట్లను చూశాను. ఆట అవగానే డైరీలో రాసుకున్నాను. ఐదో ఆటలోనూ అదే, ఆరో ఆటలోనూ అదే. ఏడో ఆటకు టవలివ్వడానికి లేవడం ఆలస్యమైంది.

ఆతెకు చెప్పలేదు. ఆడాడా అని అడిగింది, లేదన్నాను. ఏం చేశాడని అడిగింది, నీళ్లిచ్చాడన్నాను. మోకాలెలా ఉందని ఆవిడ అడగలేదు. అప్పట్లో నాకు అదొక అలవాటు: అడిగినంత వరకే జవాబు. అబద్ధమాడటం లేదు కదా అనుకునేదాన్ని. భయం కూడా ఉంది. అమెరికా నుంచి తెచ్చుకున్న ఆటగాణ్ని రెండు ఓటముల తర్వాత విమానమెక్కించి పంపేశారు ఆ జట్టువాళ్లు. మోకాలు సంగతి బయటపడితే ఈయన సంగతేమిటి? నేను చెప్పినదాని వల్లే కాంట్రాక్టు పోతే?

లీగ్ ఆటలన్నీ అయ్యేసరికి మా జట్టు ఎనిమిదో స్థానంలో మిగిలింది. 'మా' అనడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. తర్వాతి దశలో మొదటి స్థానంలో ఉన్నవాళ్లతో ఆడాలి. అక్కడొక విచిత్రమైన నియమం ఉంది. వాళ్లకు ఒక్క గెలుపు చాలు. మేం మాత్రం వాళ్లను వరుసగా రెండుసార్లు ఓడించాలి.

మొదటిది గెలిచాం. ఒకడికి చీలమండ బెణికింది, ఇంకొకడు ఫౌల్స్ ఎక్కువై బయటకు వచ్చేశాడు. వేరే దారి లేక ఆతె తమ్ముణ్ని దింపారు. పదకొండు నిమిషాలు ఆడాడు. ఆఖర్న అందరూ ఒకరి మీద ఒకరు పడి గెంతుతుంటే ఆయన మాత్రం స్కోరర్ బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంక కాంట్రాక్టు వచ్చినట్టే కదక్కా" అంది కరీంనగర్ అమ్మాయి.

నా మొహం చూసి ఏమైందని అడిగింది. డైరీ తెరిచి, నాలుగో ఆట నుంచి రాసుకున్నవి చదివి చెప్పాను. నవ్వడం మానేసింది.

"ఆతెకెర్కేనా?"

"అడగలేదు."

"నర్సింగ్ చదువుతున్నవ్ గదక్కా. రేపు డాక్టర్ అడగలేదని పేషెంట్ నొప్పి సంగతి చెప్పవా ఏంది?"

పొద్దున్నే ఆతె రేడియో పెట్టుకుని, పాడుకుంటూ గుడ్లు కొడుతోంది. నేను నిలబడే చెప్పాను. కాలు చాపడం, మెట్లు, బల్ల, అన్నీ. ఆవిడ స్టవ్ ఆపింది.

"మొదట ఎప్పుడు చూశావు?"

"నాలుగో ఆటలో."

"నిన్నటిది పన్నెండోది" అంది. అంతే. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి అరిచింది. నాకు అర్థం కాని ఆ భాషలో ఒక మాట పదేపదే వినిపించింది, తుహోద్ అని. మోకాలు అని తర్వాత తెలిసింది. ఆ తర్వాత రెండు రోజులు ఆతె నాకు అన్నం మూతపెట్టి ఉంచేది కానీ మాట్లాడలేదు. చెప్పినందుకు కాదు కోపం. అన్నాళ్లూ చెప్పనందుకు.

ఆయన జట్టు ఫిజియోకు తనే చెప్పేశాడు. స్కాన్ తీశారు. లోపల ఎముకల మధ్య మెత్తగా ఉండే మృదులాస్థి చిరిగింది. ఎప్పుడో చిన్నగా మొదలై, ఆడగా ఆడగా పెరిగిందన్నారు. ఆ జట్టుతో రెండో ఆటకు మామూలు చొక్కా వేసుకుని బెంచీ వెనక వరుసలో కూర్చున్నాడు. జట్టు చిత్తుగా ఓడిపోయింది. రెండు వారాల తర్వాత, జట్టు తమ్ముడికి పంపిన మెసేజ్ ఆతెకు వచ్చింది. ఇన్నాళ్ల సేవకు కృతజ్ఞతలు, వచ్చే ఏడాది కాంట్రాక్టు లేదు. ఆతె దాన్ని నాకు చూపించి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

నాలుగో ఆట అప్పుడే చెప్పి ఉంటే మోకాలు అంతగా పాడయ్యేది కాదేమో. కాంట్రాక్టు మాత్రం అప్పుడే పోయేది, ఆ పదకొండు నిమిషాలూ ఉండేవి కావు. ఈ లెక్క ఇప్పటికీ నాకు తెగదు.

ఆపరేషన్ ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన వీడియో కాల్ చేశాడు. ఆతె ఫోన్ నా చేతికిచ్చింది. నేను ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"డాక్టరు నొప్పి ఎప్పటి నుంచి అని అడుగుతున్నాడు. అందరికీ ఒక్కో అబద్ధం చెప్పాను, నాకే గుర్తులేదు. నీ దగ్గర రాసి ఉందట కదా, చదువుతావా?"

కరీంనగర్ అమ్మాయికి తప్ప నా డైరీ నేనెవరికీ చదివి వినిపించలేదు. తెలుగులో రాసినదాన్ని ఇంగ్లీషు చేస్తూ, ఒక్కో ఆటా చదివాను. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. మెట్ల దగ్గరకు వచ్చేసరికి, "అది కూడా చూశావా" అని తల దించుకున్నాడు. పన్నెండో ఆటకు వచ్చాం. పరుగులో ఎడమ పాదం ఎన్నిసార్లు ఆలస్యంగా పడిందో, ఎప్పుడు మోకాలు పట్టుకున్నాడో, అంతా ఉంది.

"నా బాస్కెట్ సంగతి?"

"ఏది?"

"మూడు పాయింట్లది. మూల నుంచి వేసింది. ఆ ఏడాదికి నాదదొక్కటే."

పేజీ తిప్పి చూశాను. లేదు. ఆ సాయంత్రమంతా నేను చూసింది మోకాలినే.

"రాయలేదు" అన్నాను.

ఆతె పక్కన నిలబడి నా మొహమే చూస్తోంది. నేను పెన్ను తీసి, "చెప్పండి, రాసుకుంటాను" అన్నాను.

ఆయన మొదలుపెట్టాడు. బంతి తనకు రాదనుకున్నాడట. వచ్చింది. ఎదుటివాడు కూడా వీడు వెయ్యడులే అనుకుని రెండడుగులు వెనకే ఉండిపోయాడు. కుడి కాలి మీద మొత్తం బరువు వేసి లేచాడు. ఆయన వేగంగా చెబుతుంటే నా చెయ్యి అందుకోలేకపోయింది. మెల్లిగా చెప్పమని అడిగాను.