సూచిక పెట్టె కింద ఊరు

ఆ భవనంలో మ్యాపులాయన అంటే అందరికీ తెలుసు. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకి కూడా చప్పున గుర్తురాదు. మూడో అంతస్తులో, మెట్లు అయిపోయే చోట ఉన్న గదిలో కూర్చుని పత్రికలకు పటాలు గీస్తాడు. వరదలొస్తే నీలం, ఎన్నికలొస్తే పార్టీకో రంగు, ఎండలు ముదిరితే నారింజ. లోకానికి ఏ ఆపద వచ్చినా అతనికి అది ముందు ఒక రంగుగానే అందుతుంది.

ఆ గది ఏ పత్రికదీ కాదు. బొమ్మలూ పటాలూ గీసి అమ్ముకునే చిన్న సంస్థది. దాని దగ్గర రెండు దినపత్రికలు సరుకు కొంటాయి. ఆ రెండూ ఉప్పూ నిప్పూ. ఒకరు ఔనంటే రెండోవారు కాదంటారు, సంపాదకీయాల్లో రోజూ ఒకరినొకరు ఉతికి ఆరేసుకుంటారు. పటం మాత్రం ఇద్దరికీ ఒక్కటే, ఎందుకంటే రెండుసార్లు గీయించడం దండగ. ఈ సంగతి పాఠకుల చెవిన వెయ్యాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆ ఒక్క విషయంలో వాళ్ళ ఐకమత్యం చూడముచ్చటగా ఉండేది.

నది ఒడ్డున ఉన్న అణువిద్యుత్ కేంద్రంలో పేలుడు జరిగిన రోజు, పటం చేరగానే ఇద్దరి దగ్గర్నుంచీ ఫోన్లు వచ్చాయి. మొదటి పత్రికకు మ్యాపులాయన మనసులో పెట్టుకున్న పేరు చల్లని పేపరు. విద్యుత్ కేంద్రం వారి ప్రకటనలు ఏడాది పొడుగునా అందులోనే వస్తాయి.

"ఆ ఎరుపేంటండీ బాబూ!" అన్నాడు చల్లని పేపరు ఇన్‌చార్జి. "పొద్దున్నే టీ తాగుతూ చదువుకుంటారు జనం. లేత నిమ్మపండు రంగు వేసెయ్యండి. ఆ గుండ్రం గీత కూడా చుక్కలు చుక్కలుగా ఉండాలి. రేపో మాపో చెరిగిపోయేదానిలా కనబడాలి."

రెండోది మంటల పేపరు. దాని యజమానికి ఆ కేంద్రం తాలూకు సిమెంటు కాంట్రాక్టు చేజారిపోయింది. అప్పట్నుంచీ ఆయనకు ప్రజల ఆరోగ్యం మీద ప్రేమ పొంగిపొర్లుతోంది.

"ఎరుపంటే టమాటా ఎరుపు కాదండీ," అన్నాడు మంటల పేపరు ఇన్‌చార్జి. "గడ్డకట్టిన రక్తం రంగు. చూడగానే కడుపులో తిప్పాలి. పక్కన ఒక పుర్రె పెట్టండి. పెద్దది."

మ్యాపులాయన ఇద్దరూ చెప్పింది తు.చ. తప్పకుండా చేశాడు. మర్నాడు చల్లని పేపర్లో 'విద్యుత్ ఉత్పత్తికి స్వల్ప అంతరాయం' అని వార్త, కేంద్రం గేటు దగ్గర ఉద్యోగులు నవ్వుతున్న ఫొటో. అది నిరుటి వార్షికోత్సవంలో తీసింది. మంటల పేపర్లో 'కమ్ముకొచ్చిన మృత్యువు' అని వార్త, గుండెలు బాదుకుంటున్న ముసలమ్మ ఫొటో. ఆవిడ ఏడ్చింది వేరే ఊళ్ళో, ఏనాటి వరదలోనో. ఆ వరదకు పటం గీసింది తనే కాబట్టి మ్యాపులాయన ఆవిడను ఇట్టే గుర్తుపట్టి, తనలో తనే నవ్వుకున్నాడు. వార్తల్లో పక్షపాతం ఎక్కడ దాక్కున్నా వాసన పట్టేయగలనని అతని ధీమా. రంగులు వేసే చేతికి తెలియకుండా ఎవరేం చేస్తారని!

కేంద్రం చుట్టూ గీసిన మొదటి వలయంలో ఉన్నవాళ్ళను ప్రభుత్వం బస్సులెక్కించి తరలించింది. రెండో వలయంలో ఉన్నవాళ్ళకు మాత్రం మహా ఉదారంగా, ఇష్టమున్నవారు వెళ్ళవచ్చు, లేనివారు తలుపులు మూసుకుని ఉండవచ్చు అని ప్రకటించింది. గాలి ఈశాన్యం వైపు వీస్తోంది.

మ్యాపులాయన అక్క ఊరు అటువైపే. అయితే రోడ్డు కొండ చుట్టూ తిరిగి తిరిగి వెళ్తుంది కాబట్టి ఆ ఊరు చాలా దూరమని ఇంటిల్లిపాదీ లెక్క. గాలికి రోడ్డుతో పనిలేదని ఎవరికీ తట్టలేదు. అయినా మనసు ఊరుకోక అతను ఫోను చేస్తూనే ఉన్నాడు. లైన్లు కలవలేదు. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని పెంచింది అక్కే. గోడల నిండా బొగ్గుతో గీతలు గీస్తే, వీపు విమానం మోత మోగించడానికి తండ్రి కర్ర తీసిన ప్రతిసారీ అడ్డం పడింది కూడా అక్కే. అతను ఇవాళ గీతలు గీసి బతుకుతున్నాడంటే ఆ వీపు పదిలంగా ఉండబట్టే.

చివరికి అక్కే ఫోను చేసింది.

"ఒరేయ్, నీ పటం చూశాక ప్రాణం కుదుటపడిందిరా," అంది.

"నువ్వింకా ఇంట్లోనే ఉన్నావా అక్కా?"

"ఎక్కడికెళ్తాంరా? కాన్పుకొచ్చిన పిల్లకి ఎనిమిదో నెల. ఈ స్థితిలో కుదుపులెందుకన్నారు మీ బావ. పటంలో మన ఊరే లేదుగా!"

మ్యాపులాయన బల్లమీద పేపరు తెరిచాడు. మధ్యలో విద్యుత్ కేంద్రం, చుట్టూ వలయాలు, వాటిమీద ఊళ్ళ పేర్లు. పైన కుడిచేతి మూల, రెండో వలయం మీద, తెల్లటి పెట్టె ఒకటి. ఏ రంగుకు ఏమి అర్థమో చెప్పే సూచిక పెట్టె. చేరిన రోజు నుంచీ వరదకైనా ఎన్నికలకైనా దాన్ని ఆ మూలే పెట్టడం అతనికి అలవాటు. ఈసారీ ఆ హడావిడిలో అక్కడే పెట్టేశాడు. కంప్యూటర్లో పెట్టె పక్కకు లాగి చూస్తే కింద అక్క ఊరు ఉంది. ఇద్దరు ఇన్‌చార్జీలూ రంగు కోసం అంత రాద్ధాంతం చేశారు గానీ, పెట్టె కింద ఏముందని ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. తను కూడా అడగలేదు.

"బావకి ఇవ్వక్కా, ఫోను బావకివ్వు."

బావ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. తనిఖీ చెయ్యడానికి తక్కెళ్ళు లేకపోయేసరికి వార్తలను తూచడం మొదలుపెట్టాడు. రెండు పేపర్లూ తెప్పించి, ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చుంటాడు. ఇది కొంచెం ఎక్కువ చెప్పింది, అది కొంచెం తక్కువ చెప్పింది అని గీతలు గీసి, ఇద్దరు శత్రువులూ ఒప్పుకున్న మాటొక్కటే నిజమని తేలుస్తాడు. ఆ పద్ధతి కనిపెట్టింది తనేనని అతని నమ్మకం.

"బావా, మీ ఊరు పటంలో ఉంది. నేనే దానిమీద పెట్టె పెట్టాను. గాలి మీ వైపే వస్తోంది. కడుపులో బిడ్డకి మంచిది కాదు, ఉన్నపళంగా బయల్దేరండి."

బావ తాపీగా నవ్వాడు. "చూడవోయ్, నువ్వు మా ఆవిడ తమ్ముడివి. మేమంటే నీకు ప్రాణం. ప్రాణం పెట్టేవాడి మాట తూకానికి పనికిరాదు. దాన్నే పక్షపాతం అంటారు."

"రెండు పటాలూ గీసింది నేనే బావా!"

"మరింకేం! ఇద్దరి సొమ్మూ తినేవాడివి, నీ మాట అసలే చెల్లదు. పేపర్లో రానీ. రెండిట్లోనూ రానీ. అప్పుడు చూద్దాం."

మ్యాపులాయన తల పట్టుకున్నాడు. తన నోటికి లేని విలువ తన పెట్టెకు ఉంది. సరే, పెట్టెనే జరుపుదామనుకున్నాడు. పటం బయట పెడదామంటే చోటు లేదు. చల్లని పేపర్లో పక్కనే 'మీ ఇంటి వెలుగు, మా పూచీ' అని విద్యుత్ కేంద్రం ప్రకటన. మంటల పేపర్లో పుర్రె. దాన్ని కాస్త చిన్నది చేద్దామా అని అడిగితే, "ఆ పుర్రెవల్లే పేపరు అమ్ముడుపోతోందండీ," అన్నాడు ఇన్‌చార్జి.

మిగిలింది కింద ఎడమచేతి మూల. అంటే నైరుతి. పెట్టెను అక్కడికి లాగాడు. దాని కిందకు పోబోతూ రెండు చిన్న ఊళ్ళ పేర్లు కనిపించాయి. రెండూ చదివాడు. ఆ ఊళ్ళలో అతనికి తెలిసినవాళ్ళెవరూ లేరు. గాలి అటు లేదులే అనుకుని వదిలేశాడు.

మర్నాడు బావగారి ఊరు ఒక పేపర్లో నిమ్మపండు రంగులోనూ, ఇంకో పేపర్లో గడ్డకట్టిన రక్తం రంగులోనూ వెలిసింది. ఇద్దరు శత్రువులూ ఒప్పుకున్నారు. బావ పెన్సిలు చెవిలో దోపుకుని, ఇంటికి తాళం వేసి, పెళ్ళాన్నీ కూతుర్నీ కారెక్కించాడు. సాయంత్రానికి ముగ్గురూ మ్యాపులాయన ఇంట్లో ఉన్నారు. మేనకోడలు పొట్టమీద రెండు చేతులూ పెట్టుకుని సోఫాలోనే నిద్రపోయింది. ఆ చేతులు ఊపిరితో పాటు లేచి పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. అక్క చూస్తోందని కూడా ఆగలేదు.

పొద్దున్న లేచేసరికి బావ రెండు పేపర్లూ పరుచుకుని పనిలో ఉన్నాడు. అక్క టీ తెచ్చి పెట్టింది.

"చూశావుటోయ్ నా పద్ధతి?" అన్నాడు బావ. "నువ్వు గాభరాపడి పిలిస్తే వచ్చామా? రెండు పేపర్లూ తూచి వచ్చాం. నిదానం ఉండాలి మనిషికి."

"మంచిదే బావా."

"రాత్రి గాలి నైరుతికి తిరిగిందట. టీవీలో చెప్పారు." బావ పెన్సిలు మొనతో పటంలో కింద ఎడమచేతి మూల తట్టాడు. "పోనీలే, అటు ఊళ్ళే లేవు. రెండు పేపర్లూ ఒప్పుకున్నాయి. గాలికి కూడా బుద్ధుంది చూశావా, మనుషులు లేనివైపు చూసుకుని తిరిగింది."

మ్యాపులాయన గ్లాసు కింద పెట్టేశాడు. మొన్న చదివిన రెండు పేర్లూ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. అక్కడ కూడా ఏదో ఒక ఇంట్లో ఒక బావ ఉంటాడు. ఈపాటికి ఆయన కూడా రెండు పేపర్లూ తూచి, తలుపులు తీసి, పిల్లల్ని ఆడుకోమని బయటికి పంపి ఉంటాడు. వాళ్ళ ఇంట్లో ఎవరూ పటాలు గీయరు.

అతను లేచి చెప్పులు వేసుకున్నాడు.

"టీ అయినా తాగకుండా ఎక్కడికిరా?" అంది అక్క.

"పెట్టె జరపాలక్కా."

"ఎటు?"

"పటం బయటికి."

"బయట చోటెక్కడుందోయ్?" అన్నాడు బావ పేపరు మీంచి తలెత్తకుండా. "ఇక్కడ ప్రకటన ఉంటేనూ!"